తొంభై ఏడు దగ్గర ఆగిన నీళ్ళు

పంపు గది గోడకి బిగించిన తెర మీద అంకె తొంభై ఏడు. పక్కన చుక్క. చుక్క తర్వాత సున్నా.

ఆమె ఆ సున్నా వైపే చూస్తోంది. తను వచ్చినప్పటి నుంచి అది సున్నాగానే ఉంది. ఒక్కసారైనా ఒకటి కాలేదు, కిందికి జారి తొమ్మిదీ కాలేదు.

"ఏం గబ్బిలమ్మా, నా అంకెకి దిష్టి పెడుతున్నావా?" అంటూ వెనక నుంచి మేనేజరు నవ్వాడు.

ఆమె తిరిగి చూడలేదు. ఎదుటివాళ్ళు నవ్వేలోపే తన జోకుకి తనే నవ్వేసుకునే మనిషి ఆయన. ఈ రంగుల కార్ఖానాకి మేనేజరు, ఆమె భర్తకి సొంత మేనమామ. ఈ రెండిట్లో ఏది ఎక్కువ చిరాకో పెళ్ళయిన నాటి నుంచి ఆమె తేల్చుకోలేకపోతోంది.

గబ్బిలం అన్న పేరు ఆయన పెట్టిందే. ట్యాంకుల్లో మట్టం కొలిచే పరికరాలు బిగించి, సరిచూసే కంపెనీలో ఆమె టెక్నీషియన్. ఆ పరికరం చేసేది గబ్బిలం పనే. ట్యాంకు పైకప్పుకి తలకిందులుగా వేలాడుతూ, మనిషి చెవికి అందని కూత వేస్తుంది. కూత కిందికి పోయి, నీళ్ళకి తగిలి, వెనక్కి వస్తుంది. వెళ్ళి రావడానికి ఎంత సమయం పట్టిందో చూసి, నీళ్ళు ఎంత కింద ఉన్నాయో లెక్క కడుతుంది. ట్యాంకు లోతులోంచి ఆ దూరం తీసేస్తే మిగిలేదే నీటి మట్టం; తెర మీద అది నూటికి ఇంత అని కనిపిస్తుంది. గాలి వేడెక్కితే శబ్దం వేగం మారుతుంది కాబట్టి, లెక్క తప్పకుండా దాని లోపలే ఒక చిన్న థర్మామీటరు కూడా ఉంటుంది. ఇదంతా ఒకసారి భోజనాల దగ్గర ఆమె వివరిస్తే, "అయితే మా ఇంటికి గబ్బిలం కోడలిగా వచ్చిందన్నమాట" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆమె భర్త అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇవాళ ఆ నవ్విన భర్త ప్రాణమే ఈ సున్నా మీద ఆధారపడి ఉంది.

కార్ఖానా వెనక, రంగులు పలచన చేసే, రవ్వ తగిలితే భగ్గుమనే థిన్నరు గోదాములో ఒక పైపు చీలింది. దాన్ని వెల్డింగ్ చేయాల్సింది ఆమె భర్తే. డబ్బాలన్నీ బయటికి చేర్చి, గోదాము తలుపులు బార్లా తీసి, గాలి బాగా ఆడాక చేయాల్సిన పని అది. మేనేజరు డబ్బాలను ఒక మూలకి నెట్టించి, పైన తడిపిన గోనెసంచులు కప్పించి, చాలన్నాడు. బుర్ర ఉన్న మనిషి పశువుల కొట్టంలో కూడా అలా నిప్పు వెలిగించడు. కానీ ఆయన కార్ఖానా ఒక్క పూట ఆగడానికి ఒప్పుకోడు. పైవాళ్ళు ఏమంటారోనన్న భయం.

గోదాములో నిప్పు పని చేయాలంటే నిప్పార్పే నీళ్ళ ట్యాంకు నిండుగా ఉండాలి. అంకె చూపించే పరికరం సరిగ్గా ఉందని టెక్నీషియన్ చెప్పాలి. తనిఖీ అధికారి దగ్గరుండి చూడాలి. వెల్డరు పక్కనే హోస్ పైపు పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఆమె "పరికరం బాగుంది" అని ఒక్క ముక్క అంటే చాలు, మొగుడు మంట పట్టుకుని థిన్నరు మధ్యలోకి నడుస్తాడు.

"ఈ సున్నా కదలడం లేదు మామయ్యగారూ."

"కదలకపోతే మంచిదేగా? నిండుకుండ."

"నీళ్ళన్నాక ఊగుతాయి. గాలికి ఊగుతాయి, పంపు అదురుకి ఊగుతాయి. ఆ చివరి అంకె ఎప్పుడూ ఆడుతూనే ఉండాలి. నేను బిగించిన ఏ ట్యాంకులోనూ నీళ్ళు ఇంత బుద్ధిగా కూర్చోలేదు."

"నా కార్ఖానాలో మనుషులే బుద్ధిగా కూర్చుంటారు. నీళ్ళొక లెక్కా?" మళ్ళీ తనే నవ్వాడు.

అప్పుడే తనిఖీ అధికారి లోపలికి వచ్చాడు. చల్లటి కారులోంచి దిగి పది అడుగులు నడిచినందుకే లోకం మీద అలిగిన ముఖం. నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టి, తెర వైపు ఒక చూపు విసిరి, "తొంభై ఏడా? బ్రహ్మాండం" అన్నాడు. వెంటనే, "భోజనం ఇక్కడేనా, గెస్ట్ హౌస్‌లోనా?" అని అడిగాడు.

"గెస్ట్ హౌస్‌లోనే సార్. ముందు మా హోస్ పైపు సత్తా ఒకసారి చూడండి" అని మేనేజరు చెయ్యి ఊపాడు.

పంపు గర్జించింది. బయట ఇద్దరు మనుషులు పట్టుకున్న హోస్ పైపు పాములా మెలితిరిగి, నీళ్ళను షెడ్డు కప్పు దాకా ఎగజిమ్మింది. ఎండలో ఆ జల్లు వెండిలా మెరిసింది. అధికారి గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మేనేజరు వంగి దండం పెట్టాడు, ఆ నీళ్ళు తన నోట్లోంచే వస్తున్నట్టు.

ఆమె చప్పట్లు కొట్టలేదు. తెర చూసింది.

తొంభై ఏడు. చుక్క. సున్నా.

అంత పెద్ద ధార పోతోంది. కాళ్ళ కింద నేల అదురుతోంది. అంకె మాత్రం వెంట్రుక వాసి కదల్లేదు.

"సార్, ఒకసారి ఇటు చూడండి" అని ఆమె అధికారిని పిలిచింది. "ఇంతసేపు నీళ్ళు పోయాయి. మట్టం అస్సలు తగ్గలేదు."

అధికారి తెర చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచనలోంచి బయటికి వచ్చింది ఇది:

"అమ్మా, తగ్గితే కదా అనుమానపడాలి? తగ్గకపోతే ఎందుకు?"

ఈ బుర్రకి ప్రభుత్వం ఒక కారు, ఒక డ్రైవరు కూడా ఇచ్చింది.

"ఒక పక్క పోతుంటే ఇంకో పక్క నింపుతున్నాం సార్" అని మేనేజరు అందుకున్నాడు.

"పోయినంతా చుక్క తేడా లేకుండా వస్తోందా మామయ్యగారూ?"

"దాన్నే మేనేజ్‌మెంట్ అంటారు కోడలా. గబ్బిలాలకి నేర్పరు."

"అయితే పైకెక్కి మూత తీసి చూస్తాను. పరికరం చూడకుండా బాగుందని చెప్పలేను."

"ఎక్కడెక్కుతావ్? నిచ్చెన తుప్పు పట్టింది. కోయించి రిపేరుకి పంపాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"తుప్పుకి కూడా ఎంత సమయస్ఫూర్తి!" అంది ఆమె.

బయటికి వచ్చి తలెత్తి చూసింది. ఎత్తైన స్తంభాల మీద సిమెంటు ట్యాంకు. స్తంభానికి నిచ్చెన ఉండాల్సిన చోట కోసిన ఇనుప మొండి ముక్కలు మిగిలాయి. కోసిన చోట లోహం ఇంకా తళతళలాడుతోంది, తుప్పు మచ్చ కూడా లేదు. ట్యాంకు అడుగున పగులు వెంట ఎండిపోయిన తెల్లటి చార ఒకటి. ఒకప్పుడు అక్కడ నీళ్ళు కారేవి. ఇప్పుడు కారడం లేదు. కారడానికి ఏమైనా ఉంటే కదా.

అప్పుడు ఆమెకి ఆ ఫోను గుర్తొచ్చింది. కొన్నాళ్ళ కిందట ఈ మామయ్యగారు ఎన్నడూ లేని ప్రేమతో ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఆ పరికరం మూతికి ఎంత దగ్గరగా ఉన్న వస్తువుని చూడగలదు?" అని అడిగారు. చివరికి ఈయనకి కూడా జ్ఞానం మీద ఆసక్తి పుట్టిందని ఆమె పొంగిపోయింది. "మరీ దగ్గరైతే చూడలేదు మామయ్యగారూ. కూత వేసిన పొర కాసేపు అదురుతూనే ఉంటుంది. ఆ అదురు ఆగేదాకా తిరిగొచ్చిన శబ్దం దానికి వినపడదు. మూరెడు దూరం వదలాలి" అని విడమరిచి చెప్పింది. ఆయన "భలే, భలే" అన్నాడు.

మూరెడు దూరం వదిలి ఒక రేకు కట్టించాడన్నమాట. పరికరం మూతి కింద ఒక బల్లపరుపు రేకు. కూత వెళ్ళి రేకుకి తగిలి వస్తుంది. కింద సముద్రం ఉన్నా, ఎడారి ఉన్నా, తెర మీద తొంభై ఏడే. రేకుకి అలలు రావు. హోస్ తెరిచినా రేకు కిందికి దిగదు. ఆయన జీవితంలో మొదటిసారి ఒక విషయం శ్రద్ధగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నది దొంగతనానికి. అది కూడా సరిగ్గా చేతకాలేదు. అంకె నిండుగా కనిపిస్తే చాలనుకున్నాడు గాని, అది అప్పుడప్పుడూ తగ్గాలన్న ఆలోచనే రాలేదు.

మరి హోస్‌లో వచ్చిన నీళ్ళు ఎక్కడివి?

పంపు గదిలోంచి లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి గోడ కన్నం గుండా అవతలికి పోతోంది. ఆమె గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది. అవతల చెట్టు నీడలో ఒక నీళ్ళ ట్యాంకరు లారీ ఉంది. గొట్టం దాని తోకకి బిగించి ఉంది. కార్ఖానా మనిషి ఒకడు ట్యాంకరు వాల్వు మీద చెయ్యి వేసి కాపలా ఉన్నాడు. డ్రైవరు మెట్టు మీద కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"మీరు ఆఫీసు మనిషా అమ్మా?" అన్నాడు డ్రైవరు లేస్తూ. "ఇంకా ఎంతసేపు ఈ ఆట? అడుక్కి వచ్చేసింది. గాలి పీల్చిందంటే మీ మోటారే కాలిపోతుంది, తర్వాత నన్ననకండి."

"మీ నీళ్ళేనా ఇంతసేపూ పోసింది?"

"మరెవరివి? పైన ట్యాంకు పగిలిపోయిందటగా. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు, కాస్త జల్లు చూపించి పంపేయాలి అన్నారు మీ మేనేజరుగారు. నేను పెళ్ళిళ్ళకి నీళ్ళు తోలాను, ఇళ్ళు కట్టేవాళ్ళకి తోలాను. నాటకానికి తోలడం ఇదే మొదలు."

ఆమె కాపలా మనిషి వైపు తిరిగింది.

"మీరు హోస్ పట్టుకునే మనిషి కదూ?" అంది ఆమె. "వెల్డింగ్ జరిగేటప్పుడు వెల్డరు పక్కన నిలబడాల్సింది మీరే కదా? మరి ఇక్కడేం చేస్తున్నారు?"

"ఇక్కడే ఉండమన్నారమ్మా."

"అక్కడ నిలబడి ప్రయోజనం లేదని మీకు తెలుసు. వెల్డరుకి చెప్పారా?"

ఉద్యోగం పోతుందేమోనని అతను నోరు మూసుకున్నాడు, మనిషి పోతాడేమోనని కళ్ళు దించుకున్నాడు.

ఆమె పరుగున పంపు గదికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. పంపు ఆపేశారు. ఆమె మాట కోసం ఆగలేదన్నమాట. అధికారికి ఆకలేసి ఉంటుంది. ఆమె గోదాము వైపు పరిగెత్తింది.

గోదాము తలుపు సగం తెరిచి ఉంది. ఘాటైన థిన్నరు వాసన వాకిట్లోనే కళ్ళు మండిస్తోంది. ఆమె భర్త వాకిట్లో గ్యాసు సిలిండర్ల బండి పక్కన చేతి తొడుగులు బిగించుకుంటున్నాడు. నెత్తి మీద వెల్డింగ్ ముసుగు, చేతిలో నిప్పురవ్వలు కొట్టే లైటరు. పక్కన మేనేజరు, అధికారి.

"ఏవండీ, ఆగండి. లోపలికి వెళ్ళొద్దు. ట్యాంకులో నీళ్ళు లేవు."

"మళ్ళీ మొదలుపెట్టావా?" అన్నాడు భర్త. "ఇందాకేగా షెడ్డంతా తడిపారు. నా కళ్ళతో చూశాను."

"అవి ట్యాంకరు నీళ్ళు. గోడ వెనక లారీ ఉంది, వెళ్ళి చూడండి. పైన ట్యాంకు పగిలింది. పరికరం కింద రేకు కట్టి అంకె చూపిస్తున్నారు."

మేనేజరు నిట్టూర్చాడు. కష్టాలన్నీ తన నెత్తినే పడ్డాయన్నట్టు మేనల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం చేస్తాం రా. నిన్ను ఫోర్‌మన్ని చేస్తానన్నాను కదా, అప్పటి నుంచి ఈ అమ్మాయికి నిద్ర పట్టడం లేదు. మొగుడు తనకంటే పైకి వెళితే కొందరు ఆడవాళ్ళు భరించలేరు. ఆ లారీ మొక్కలకి నీళ్ళు పోయడానికి వచ్చింది."

మొక్కలకి! కార్ఖానా మొత్తం మీద ఉన్నది ఆ ఒక్క చెట్టు. అది కూడా సగం ఎండింది.

"విన్నావా?" అన్నాడు భర్త. "ప్రతిదానికీ నీకు అనుమానమే. మామయ్య నన్ను ఎత్తుకుని పెంచాడే. నన్ను మంటల్లోకి తోస్తాడా?"

"మిమ్మల్ని ఎత్తుకున్నాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం తోస్తున్నాడు."

"నోరు మూసుకో. అధికారిగారి ముందు నా పరువు తీయకు."

"మంట అంటుకుంటే పరువే మిగులుతుంది, మీరు మిగలరు."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇది కుటుంబ విషయంలా ఉంది. ఇంట్లో మాట్లాడుకోండి. నేను అంకె చూశాను, ధార చూశాను. కానివ్వండి."

భర్తకి బలం వచ్చింది. ఛాతీ ఉబ్బింది. ఆమెకి బాగా తెలిసిన ఉబ్బు అది. ఎవరైనా పెద్ద మనిషి వీపు తట్టగానే ఇలాగే ఉబ్బుతాడు, ఇంటికొచ్చేదాకా తగ్గడు. బండి హ్యాండిలు పట్టుకుని తలుపు దాకా తోశాడు. అక్కడ ఆగి చుట్టూ చూశాడు.

"హోస్ పట్టుకునేవాడేడీ?"

"వస్తాడులే. నువ్వు మొదలుపెట్టు" అన్నాడు మేనేజరు.

"హోస్ మనిషి లేకుండా నేను ఎప్పుడూ వెలిగించలేదు మామయ్యా. చెయ్యి అలవాటు" అని భర్త గోడకి వేలాడుతున్న హోస్ పైపు తీసి మేనమామ చేతిలో పెట్టాడు. ముఖం నిండా నవ్వు. పెళ్ళాం వైపు గర్వంగా చూశాడు. "నువ్వే పట్టుకో. ట్యాంకు నిండుగా ఉందిగా! నువ్వు నా పక్కన నిలబడితే ఈ గబ్బిలానికి నోరు మూతపడుతుంది. పద."

ఆయన చేతిలో హోస్ మూతి పాము తలలా ఊగింది.

"నేనా? నాకు మోకాలి నొప్పి కదరా."

"కుర్చీ వేస్తాను. కూర్చునే పట్టుకో."

"ఆ వాసన నాకు పడదు. ఉబ్బసం."

"నీకు ఉబ్బసం ఎప్పుడొచ్చింది మామయ్యా?"

"ఈమధ్యే."

"పోనీ, తలుపు దగ్గర నిలబడు. లోపలికి రావొద్దులే."

మేనేజరు తలుపు చూశాడు. లోపల మూలన గోనెసంచుల కింద గుట్టగా ఉన్న డబ్బాలను చూశాడు. ఆయనకి తెలియకుండానే కాళ్ళు వెనక్కి పడ్డాయి. "ఫోను వచ్చేలా ఉంది. నేను గేటు దగ్గర ఉంటాను. అక్కడ సిగ్నల్ బాగుంటుంది."

"అయితే మీరు పట్టుకోండి సార్" అని భర్త అధికారి వైపు తిరిగాడు.

అధికారికి అసలు విషయం తెలియదు. అయినా భయం ఎటు పరిగెడితే తనూ అటు పరిగెత్తే రకం. మేనేజరు వెనక్కి నడవడం చూసి, తను ఇంకో రెండు అడుగులు ఎక్కువే వేశాడు. "నాకు ఇంకో చోట తనిఖీ ఉంది" అంటూ డ్రైవరుకి కేక వేసి కారు తలుపు తీశాడు.

వాకిలి ఖాళీ అయింది. వెల్డరు, సిలిండర్ల బండి, పెళ్ళాం. ముగ్గురే.

అతని ముఖంలో నవ్వు ఒకేసారి పోలేదు. ముందు కళ్ళలోంచి పోయింది. నోరు కాసేపు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. పెళ్ళాం చెప్పిన కూతలూ, రేకులూ, అంకెలూ ఏవీ అతని బుర్రకి ఎక్కలేదు. కానీ మేనమామ కాళ్ళు ఎటు నడుస్తున్నాయో మాత్రం అర్థమైంది.

నాలుగు అంగల్లో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"రా మామయ్యా."

"వదలరా. ఏంటిది, అందరి ముందూ?"

"రా. నీళ్ళున్నాయిగా." ఒక చేత్తో ఆయన్ని తలుపు వైపు లాగాడు. రెండో చేతిలో లైటరు ఎత్తి పట్టుకున్నాడు. కొట్టలేదు. పట్టుకున్నాడు, అంతే.

మేనేజరు బూట్లు కంకర మీద గీసుకుంటూ వచ్చాయి. వాసన ఘాటు ముఖానికి తగలగానే ఆయన గొంతులోంచి, మనిషి గొంతులా లేని కేక ఒకటి వచ్చింది.

"వద్దురా! చుక్క నీళ్ళు లేవురా ట్యాంకులో! నీకు దండం పెడతాను, ఆ లైటరు పారేయరా!"

"మరి తొంభై ఏడు?"

"రేకు! రేకు కట్టించాను! ట్యాంకు పగిలింది, బాగు చేయించాలంటే కార్ఖానా ఆపమన్నారు. ఎలా ఆపుతాన్రా?"

"నన్ను మంటల్లోకి పంపితే ఆగదనుకున్నావా?"

మేనేజరు కంకర మీద కూలబడి ఏడవసాగాడు. మేనల్లుడి కోసం కాదు.

అధికారి కారు తలుపు మూసి, గంభీరంగా తిరిగి వచ్చాడు. భయం పోయాక ఆయనకి హోదా గుర్తొచ్చింది. "నాకు మొదటే అనుమానం వచ్చింది. అంత ధార పోతుంటే మట్టం తగ్గకపోవడమేమిటి?" అని కూలబడ్డ మేనేజరుని వేలుపెట్టి చూపించాడు. "పని ఆపండి. గోదాముకి సీలు వేస్తున్నాను."

ఆమె ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. "మంచి పని చేశారు సార్. భోజనం చల్లారిపోతోంది" అంది.

ఆయనకి అది పొగడ్తో కాదో తేలలేదు. తల పంకించి ఫోను తీశాడు.

భర్త తలుపు పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతి తొడుగులు విప్పాడు. లైటరు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టి, మళ్ళీ తీసి, ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పింది నిజమేనే."

"నేను చెప్పింది ఇందాక కూడా నిజమే."

"సొంత మేనమామ కదా అని..."

"నేనేమో గబ్బిలాన్ని. నేను చెబితే వినలేదు, ఆయన వణికితే నమ్మారు."

అతను తలదించుకున్నాడు. ముక్కు ఎగబీల్చాడు. ఏడుస్తాడేమో అనిపించింది. ఆమె లైటరుని తన సంచిలో పడేసి సంచి మూతి బిగించింది.

"ముందు ఆ సిలిండర్ల బండి తలుపు దగ్గర్నుంచి దూరంగా లాగండి. ఏడుపు తర్వాత."

అతను బండి లాగాడు. ఆమె సాయం పట్టలేదు.